కరివేపాకు చెట్టు కొమ్మలకి గోధుమ రంగు బుడిపెలు, ఆకులంతా మసి. మందు కొట్టాలా, కొమ్మలు కొట్టేయాలా?

పెరటి_పచ్చదనం (తెనాలి):

అందరికీ నమస్కారం అండి. మా పెరట్లో బావి పక్కన కరివేపాకు చెట్టు ఉంది, మా అత్తగారు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెట్టిన పిలక అది, ఇప్పుడు వంటింటి స్లాబ్ దాటి పెరిగింది, మా వీధిలో సగం ఇళ్ళకి పోపులోకి ఆకు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ రెబ్బ తుంచితే చేతికి బంక అంటుతోంది, చెట్టు కింద గచ్చు మీద చెప్పులు అతుక్కుంటున్నాయి, ఆ తర్వాత మెల్లిగా ఆకుల పైవైపు నల్లటి మసి పట్టడం మొదలైంది. గోరుతో గీరితే ఆ నలుపు పొరలా లేచి వచ్చేస్తోంది, అడుగున ఆకు మామూలుగా పచ్చగానే ఉంది.

నిన్న నిచ్చెన వేసుకుని కొమ్మలు దగ్గరగా చూశాను. లేత పుల్లల మీదా, ఆకు వెనక నడిమి ఈనె వెంబడీ మిరియపు గింజని సగానికి కోసి బోర్లించి అతికించినట్టు గోధుమ రంగు బుడిపెలు, వరసగా, ఖాళీ లేకుండా. కదలవు, కాళ్ళు కనపడవు, చూడగానే బెరడే అలా ఉందేమో అనిపిస్తుంది, కానీ గోరుతో నొక్కితే పసుపుపచ్చగా రసం వస్తోంది. వాటి చుట్టూ నల్ల చీమలు, మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా ఒకటే బారు.

ఊళ్ళో పురుగుమందుల షాపులో అడిగితే ఒక సీసా ఇచ్చి ఇది కొడితే చెట్టు మొత్తం లోపలికి పాకుతుంది, పురుగు రసం తాగగానే చస్తుంది అన్నారు. మరి ఆ ఆకు తినే మా సంగతేంటండీ అంటే ఏం కాదు కడుక్కోండి అన్నారు. లోపలికి పాకింది కడిగితే ఎలా పోతుంది? అందుకే సీసా మూత కూడా తియ్యలేదు. చెట్టు మొదలంటా కొట్టేయమని మా ఆయన, చచ్చినా ఒప్పుకోనని మా అత్తగారు. దీన్ని ఏమంటారు, తినే ఆకు పాడవకుండా ఎలా వదిలించాలి, పక్కనే నిమ్మ చెట్టు కూడా ఉంది దానికి పాకుతుందా, కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మిద్దెతోట_హనుమకొండ:

అక్కా, గవి పొలుసు పురుగులు. పిండినల్లి గాదు, పిండినల్లి అయితే తెల్లగ దూది లెక్క ఉంటది, నడుస్తది గూడ. ఇది ఒక్కసారి కూసున్నదంటే కదలదు, నోటి ముల్లు కొమ్మల గుచ్చి రసం తాగుకుంట అట్లనే ఉంటది. తాగిన రసంల చక్కెర ఎక్కువైతది గద, అది బంక లెక్క బయటికి ఇడుస్తది, ఆ బంక మీద బూజు పెరుగుతది, నువ్వు చూసిన మసి అదే. మసి చెట్టుకు రోగం గాదు, లోపలికి పోదు, కాకపోతే ఎండ తగలనియ్యదు కాబట్టి ఆకు పసుపు పడి రాలుతది.

నా మిద్దె మీద కల్యామాకు కుండీలల్ల, మందార చెట్టుకు ఇది ప్రతి ఎండకాలం ముంగట కనపడ్తది. నేను చేసేది చెప్త. పాత టూత్ బ్రష్, బకెట్ల గోరువెచ్చటి నీళ్ళు, అండ్ల కొంచెం సబ్బు. కొమ్మ ఒక చేత్తోని పట్టుకొని పై నుంచి కిందికి మెల్లగ రుద్దాలె, బెరడు లేవకుండ. ఆకు ఎనుక ఈనె మీద ఉన్నయి బొటనవేలుతోని తోస్తే పోతయి. ఒక్కసారి దాని మూతి విరిగి ఊడిందంటే మళ్ళ ఎక్కి గుచ్చుకోలేదు, అట్లనే ఎండి చస్తది, గందుకే బ్రష్ అంత మంచి మందు ఇంకోటి లేదంట నేను. నీది పెద్ద చెట్టు కాబట్టి అంత రుద్దుడు అయితదా అంటే కాదు, కానీ మొదలు, లావు కొమ్మలు, చేతికి అందేటియి రుద్దినా సగం బరువు తగ్గుతది.

చీమల సంగతి మాత్రం ముందు చూడక్కా. చీమలు ఆ బంక కోసం పొలుసు పురుగులకు కాపలా కాస్తయి, అక్షింతల పురుగులు తినెటందుకు వస్తే కరిచి ఎళ్ళగొడ్తయి. చీమలు ఉన్నన్ని రోజులు నువ్వు ఎంత కొట్టినా మళ్ళ వస్తనే ఉంటయి.

బాపట్ల_బ్యాచ్:

హనుమకొండ మిత్రులు చెప్పింది వంద శాతం కరెక్ట్. వ్యవసాయ కాలేజీలో కీటకశాస్త్రం నాకు ఇష్టమైన సబ్జెక్టు, అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి మేడమ్.

పొలుసు పురుగుల్లో ఇంటి తోటల్లో మనకి కనపడేవి ముఖ్యంగా రెండు రకాలు. మెత్త పొలుసు, గట్టి పొలుసు. మెత్త పొలుసుకి ఆ డిప్ప దాని ఒంట్లో భాగమే, డిప్ప లేపితే పురుగు కూడా వచ్చేస్తుంది, బంక కార్చేది ఇదే. గట్టి పొలుసుకి డిప్ప విడిగా ఉంటుంది, సూది మొనతో మూత లేపితే కింద పసుపు రంగు పురుగు వేరుగా కనపడుతుంది, ఇది బంక కార్చదు, చీమలూ పెద్దగా పట్టించుకోవు. మీకు బంక, మసి, చీమల బారు మూడూ ఉన్నాయి, బుడిపె గుండ్రంగా ఉబ్బి ఉంది, కాబట్టి మెత్త పొలుసు. ఇది తెలుసుకోవడం ఎందుకంటే మెత్త రకానికి సబ్బు, నూనె బాగా పనిచేస్తాయి, గట్టి రకానికి కొంచెం కష్టం.

ఇప్పుడు అసలు విషయం. ఆ పెద్ద బుడిపె మీద మీరు ఏం కొట్టినా సగం జారిపోతుంది, లోపల వందల గుడ్లు దాచుకుని కూర్చుంటుంది అది. కొన్ని జాతుల్లో మగ పురుగుతో పని లేకుండానే గుడ్లు పెడతాయి, ఒక్కటి మిగిలినా చాలు. మనకి దొరికేది పిల్ల పురుగు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి కాళ్ళుంటాయి, డిప్ప ఉండదు, అర మిల్లీమీటరు కూడా ఉండదు, లేత పసుపు రంగు చుక్క. అది కొద్ది గంటల నుంచి ఒకట్రెండు రోజులు కొమ్మ మీద తిరిగి మంచి చోటు చూసుకుని నోరు గుచ్చుకుంటుంది, ఆ తర్వాత డిప్ప కట్టడం మొదలు. చెట్టు నుంచి చెట్టుకి పాకేది కూడా ఈ పిల్లలే, గాలికి, చీమలతో, పిట్టల కాళ్ళకి, మన చొక్కాకి, కత్తెరకి అంటుకుని. కాబట్టి ఏ మందైనా ఈ పిల్లల మీద పడితేనే పనిచేసినట్టు.

పిల్లలు ఎప్పుడు తిరుగుతున్నాయో కనుక్కోవడం సులువే. రెండు వైపులా జిగురుండే టేపు స్టేషనరీ షాపులో దొరుకుతుంది కదా, పురుగు ఉన్న రెండు మూడు పుల్లలకి చుట్టండి, ప్రతి మూడు నాలుగు రోజులకి మార్చి, తీసిన టేపుని తెల్ల కాగితం మీద అంటించి ఎండలో భూతద్దంతోనో ఫోన్ కెమెరా జూమ్ తోనో చూడండి. పసుపు చుక్కలు ఎక్కువగా కనపడిన రోజు సాయంత్రమే స్ప్రే చెయ్యాలి. మన ఎండలకి వీటి తరాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి, అందుకే ఒక్క స్ప్రేతో ఎప్పటికీ అవ్వదు, వారం పది రోజుల గ్యాప్ తో మూడు నాలుగు సార్లు కొట్టాల్సిందే.

ఏం కొట్టాలంటే, వేప నూనె లీటరు నీళ్ళకి 5 మి.లీ., అందులో కలవడానికి లిక్విడ్ సబ్బు 1 లేదా 2 మి.లీ. ముందు సబ్బూ నూనె కాసిన్ని గోరువెచ్చటి నీళ్ళలో గిలక్కొట్టి పాలలా తెల్లగా అయ్యాక మిగతా నీళ్ళు పొయ్యండి, నూనె పైకి తేలితే ఆకు మాడుతుంది. లేదంటే తోట షాపుల్లో పొటాషియం సబ్బు ద్రావణం దొరుకుతుంది, సీసా మీద రాసిన కొలత ప్రకారం. బట్టలుతికే డిటర్జెంట్ పౌడర్ మాత్రం వద్దు, ఆకు అంచులు కాలిపోతాయి. ఇవన్నీ పురుగు ఒంటికి తగిలితేనే పనిచేస్తాయి, ఆరిపోయాక సబ్బుకి బలం లేదు, కాబట్టి ఆకు వెనక వైపు, పుల్లల సందులు, కొమ్మ చీలే చోట కారేలా తడపాలి. ముందు రోజు చెట్టుకి నీళ్ళు బాగా పెట్టండి, ఎండ దిగాక సాయంత్రం కొట్టండి, మొదటిసారి ఒక్క కొమ్మకి కొట్టి రెండు రోజులు చూసి తర్వాత చెట్టంతా. ఈమధ్య గంధకం కొట్టి ఉంటే మాత్రం కొన్ని వారాలు ఏ నూనే కొట్టొద్దు, రెండూ కలిస్తే ఆకు మాడి రాలుతుంది.

షాపు వాళ్ళ సీసా విషయంలో మీరు చేసిందే సరైన పని. లోపలికి పాకే మందు ఆకులోనే ఉంటుంది, కడిగితే పోదు. పూత మీద ఉన్నప్పుడు తేనెటీగలకి కూడా ప్రమాదం, కరివేపాకు పూత మీద అవి ఎలా మూగుతాయో మీకు తెలుసు. అలాగే ఘాటు పురుగుమందులు కొట్టిన చెట్ల మీద పొలుసు పురుగు ముందు తగ్గినట్టే తగ్గి రెట్టింపై వస్తుంది, ఎందుకంటే డిప్ప కింద ఉన్నది బతుకుతుంది, దాన్ని తినే అక్షింతల పురుగులూ, దాని ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలూ చస్తాయి. 1888లో కాలిఫోర్నియాలో నారింజ తోటలు దూది పొలుసు పురుగుతో తుడిచిపెట్టుకుపోతుంటే ఆస్ట్రేలియా నుంచి ఒక చిన్న అక్షింతల పురుగుని తెచ్చి వదిలారు, ఏడాది రెండేళ్ళలో తోటలు తేరుకున్నాయి. మన దేశానికి కూడా 1898లోనే కాఫీ పచ్చ పొలుసు మీద ప్రయోగించడానికి ఆస్ట్రేలియా అక్షింతల పురుగుని తెచ్చారు, అది ఇక్కడ స్థిరపడి ఇప్పటికీ పిండినల్లిని తింటోంది. దాని పిల్ల దశ తెల్లగా దూదిలా ఉండి అచ్చం పిండినల్లిలాగే కనపడుతుంది, కొమ్మ మీద చకచకా నడిచే తెల్ల దూది పురుగు కనపడితే దాన్ని చంపొద్దు.

నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబం. పాకే అవకాశం బాగా ఉంది. ఇవాళే నిమ్మ ఆకుల వెనక చూడండి.

కడియం_కుర్రోడు:

అక్కా నమస్తే, మాది నర్సరీ. మందు కన్నా ముందు కత్తెర అంటాను నేను. కరివేపాకు ఎంత కొట్టినా చిగురేస్తది, మోకాలెత్తున నరికినా పిలకలు తోసుకొస్తాయి, కాబట్టి భయపడక్కర్లేదు, కానీ మొదలంటా కొట్టాల్సిన అవసరం కూడా లేదు. బుడిపెలు కిక్కిరిసిన పుల్లలన్నీ, లోపల ఒకదానికొకటి రాసుకుంటున్న కొమ్మలన్నీ తీసేయండి, చెట్టు మధ్యలోకి ఎండా గాలీ దూరాలి. ఒకేసారి మూడో వంతు మించి తియ్యకండి ఇప్పుడు, ఎండలు ముదిరాక బోసిపోయిన మానుకి ఎండ దెబ్బ తగుల్తది. మీ అత్తయ్య గారికి ఒక కొమ్మ అయినా ఆకుతో ఉంచితే ఆవిడ మనసుకి కూడా బాగుంటది.

కొట్టిన కొమ్మలు అక్కడే పెరట్లో పడెయ్యకూడదు. ఎండిపోతుంటే పిల్ల పురుగులు దిగి మళ్ళీ పక్క మొక్క ఎక్కుతాయి. గోనెసంచిలోకి కుక్కి మూతి కట్టి తగలబెట్టడమో, మున్సిపాలిటీ బండిలో వెయ్యడమో చెయ్యాలి. కంపోస్టు గుంటలో వద్దు. కత్తెర ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళేముందు సబ్బు నీళ్ళతో కడగండి, స్పిరిట్ ఉంటే ఇంకా మంచిది.

ఇంకోటి, చెట్టుకి యూరియా గానీ వేస్తున్నారా? ఆకు నవనవలాడాలని చాలా మంది గుప్పెట్లకి గుప్పెట్లు వేస్తారు. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా, రసం తియ్యగా వస్తది, పొలుసుకి అంతకన్నా పండగ లేదు. బాగా మాగిన పశువుల ఎరువు చాలు. రోడ్డు పక్క చెట్టయితే దుమ్ము కూడా కారణమే, దుమ్ము పట్టిన ఆకు మీద ఈ అక్షింతల పురుగులూ కందిరీగలూ సరిగ్గా తిరగలేవు. వారానికోసారి పైపుతో గట్టిగా, ఆకు కింద నుంచి పైకి నీళ్ళు కొట్టండి, దుమ్మూ పోద్ది, బంకా పోద్ది, తిరుగుతున్న పిల్లలు కూడా చాలా మటుకు కొట్టుకుపోతాయి.

మా నర్సరీలో కొత్త లోడు వస్తే పాత మొక్కల్లో కలపం, వేరే షెడ్డులో కొన్ని వారాలు ఉంచి, కుండీ అంచు కిందా ఆకు వెనకా చూసి అప్పుడు కలుపుతాం. మీరు కూడా ఎక్కడ మొక్క కొన్నా, మా దగ్గర కొన్నా సరే, అదే చెయ్యండి. పొలుసు ఇంట్లోకి వచ్చేది ముప్పావు వంతు కొత్త మొక్కతోనే అని నా అనుభవం.

చేప నూనె రెసిన్ సబ్బు అని ఒకటి వస్తది, లీటరుకి 25 గ్రాములు కలిపి కొడితే పొలుసుకీ పిండినల్లికీ బాగా పనిచేస్తది, కాకపోతే వాసన. ఆకు కోతకి రెండు వారాల ముందు ఆపేయాలి, లేదంటే పులుసులో చేపల కంపు ఖాయం.

పెరటి_పచ్చదనం (తెనాలి):

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, మీ ఓపికకి దండం. నిమ్మ చెట్టు చూశాను, కింది కొమ్మ ఆకుల వెనక అక్కడక్కడా ఉన్నాయి, కానీ బంక ఇంకా లేదు, అవి చేత్తోనే తీసేశాను.

ఇంకా రెండు మూడు డౌట్లు. చీమల్ని ఆపడానికి మొదలు చుట్టూ చీమల మందు పొడి చల్లొచ్చా? మసి పట్టిన ఆకు కడిగి కూరలో వేసుకోవచ్చా లేక పారెయ్యాలా? మా పెద్దత్తయ్య ఫోన్ చేసి పుల్ల మజ్జిగ పొయ్యమంటున్నారు, పొగాకు కషాయం కొట్టినా ఒక్క రోజులో పోతాయంటున్నారు. పెద్దావిడ మాట కదా, చెయ్యమంటారా?

గోదారి_మావయ్య (అమలాపురం):

అమ్మాయ్, మీ పెద్దత్తయ్య చెప్పింది కొట్టిపారెయ్యకు. మా అమ్మ కరివేపాకు మొదట్లో పుల్ల మజ్జిగ పోసేది, చెట్టు నల్లగా నిగనిగలాడేది. పొగాకు కాడలు నానబెట్టి ఆ నీళ్ళు కొబ్బరి మొక్కలకి, నిమ్మకి కొట్టేవాళ్ళం, పురుగు పడిపోయేది. మందుల షాపులు లేని రోజుల్లో చెట్లు బతకలేదా?

బూడిద కూడా మంచిదే. తెల్లవారుజామున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లేవాళ్ళు, మెత్తటి ఒంటి పురుగులన్నీ రాలేవి.

బాపట్ల_బ్యాచ్:

మావయ్య గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి, కానీ ఈ ఒక్క చెట్టు విషయంలో పొగాకు వద్దని గట్టిగా చెప్తాను. పొగాకులో ఉండే నికోటిన్ అచ్చమైన విషం, పురుగునే కాదు మనిషిని కూడా పడగొడుతుంది, చర్మం లోంచి కూడా ఎక్కుతుంది. కొబ్బరి మొక్క ఆకు మనం తినం. కరివేపాకు రోజూ తింటాం, పచ్చిగా మజ్జిగలో కూడా వేసుకుంటాం. మన ప్రకృతి వ్యవసాయంలో అగ్ని అస్త్రం అని కొట్టేదాంట్లో కూడా పొగాకు ఉంటుంది, అది తోటల్లో రైతు తన లెక్క ప్రకారం కొట్టుకుంటాడు, వంటింటి పక్క చెట్టుకి అక్కర్లేదు. మోనోక్రోటోఫాస్ లాంటివి ఎవరైనా ఇస్తే అసలే వద్దు, కూరగాయల మీద దాని వాడకమే మన దేశంలో నిషేధం.

పుల్ల మజ్జిగ మొదట్లో పొయ్యండి, నష్టం లేదు, చెట్టుకి కొంచెం బలం, పెద్దత్తయ్య గారి మాట కూడా నిలబడుతుంది. కానీ దాంతో పొలుసు చస్తుందని స్ప్రే ఆపకండి. బూడిద డిప్ప లేని మెత్త పురుగులకి సరే, డిప్ప కింద ఉన్నదానికి తగలదు.

చీమల పొడి మొదట్లో చల్లొద్దు మేడమ్, అది నేలలోకీ, బావి పక్కన అంటున్నారు కాబట్టి బావిలోకీ పోతుంది. దానికి బదులు మానుకి నడుము ఎత్తులో పాత గుడ్డ బిగించి కట్టి, దాని మీద పాలిథిన్ కవర్ చుట్టి, ఆ కవర్ మీద గ్రీజు పట్టీలా పుయ్యండి. బెరడు మీద నేరుగా గ్రీజు పుయ్యకూడదు, బెరడు ఊపిరాడక దెబ్బ తింటుంది. గుడ్డ కింద సందు లేకుండా చూసుకోండి, సందుంటే చీమలు సొరంగంలా వాడుకుంటాయి. ఆ తర్వాత చుట్టూ తిరిగి చూడండి, ఏ కొమ్మైనా గోడకి గానీ పిట్టగోడకి గానీ ఆనుతోందా, బట్టలారేసే తీగ చెట్టుకి కట్టి ఉందా. నేను చూసిన చాలా ఇళ్ళల్లో మానుకి పట్టీ అద్భుతంగా వేసి తీగ విప్పడం మర్చిపోతారు, చీమలు ఆ తీగ మీదుగా దర్జాగా వెళ్తుంటాయి.

మసి ఆకు విషం కాదు. కడిగితే కొంత పోతుంది, కానీ పట్టిన ఆకు వండుకోవడానికి బాగోదు, ఆకు వెనక పురుగు కూడా ఉంటుంది, తీసెయ్యడమే నయం. చెట్టు మీద ఉన్న మసి వదలాలంటే గంజి మంచి ఉపాయం, మామిడి తోటల్లో చేస్తారు. కిలో మైదా 5 లీటర్ల నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, 20 లీటర్లకి పలచన చేసి కొడతారు. మీకు ఒక్క చెట్టే కాబట్టి పావు కిలో మైదాకి మొత్తం 5 లీటర్లు చాలు. గుడ్డలో వడగట్టకపోతే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది. మబ్బు రోజు కాకుండా మంచి ఎండ ఉన్న రోజు పొద్దున్నే కొడితే మధ్యాహ్నానికి గంజి ఎండి పెళుసై మసితో సహా రేకులుగా ఊడి పడుతుంది. ఇది పురుగుకి మందు కాదు, పురుగు తగ్గాక చేస్తేనే ఫలితం, లేకపోతే వారంలో మళ్ళీ మసి పడుతుంది.

వానాకాలం వచ్చాక వర్టిసీలియం లెకానీ అనే శిలీంధ్రపు పొడి లీటరుకి 5 గ్రాములు సాయంత్రం పూట కొట్టొచ్చు, గాలిలో తేమ ఉంటేనే అది పురుగు మీద పెరుగుతుంది. ఇప్పుడు ఈ ఎండల్లో కొట్టినా డబ్బులు దండగ.

డాలస్_పెరడు:

మాకు ఇక్కడ ఇదే కథ ఇంకో రకంగా. కరివేపాకు కుండీ చలికాలం అంతా ఇంట్లో కిటికీ పక్కన పెట్టాలి కదా, హీటర్ గాలికి పొడిబారిన గదిలో అక్షింతల పురుగూ లేదు వానా లేదు, పొలుసు పురుగుకి అడ్డే లేదు, మార్చి వచ్చేసరికి ఆకంతా బంక. ఇక్కడ చిన్న మొక్కలకి అందరూ చేసేది ఏంటంటే 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ లో ఇయర్ బడ్ ముంచి ఒక్కో బుడిపెకి అద్దడం. డిప్ప కరిగినట్టయి ఊడొస్తుంది. ముందు ఒక ఆకుకి రాసి మర్నాడు చూడాలి, మొక్క మొత్తానికి స్ప్రే చెయ్యకూడదు. ఆ తర్వాత బాత్రూమ్ షవర్ కింద కుండీ మట్టికి కవర్ కట్టేసి మొక్కని బాగా కడగడం, వారం వారం. ఇంట్లోకి తెచ్చేముందే సెప్టెంబరులో ఒకసారి సబ్బు స్ప్రే చేసి తెచ్చుకుంటే చలికాలం ప్రశాంతంగా ఉంటుంది.

ఇక్కడి మనవాళ్ళు ఈ పోస్టు చదువుతుంటే ఒక మాట. మొక్క బాలేదని ఇండియా నుంచి పిలక తెచ్చుకోవడం, వేరే స్టేట్ ఫ్రెండ్ దగ్గర్నుంచి పార్సిల్ తెప్పించుకోవడం చెయ్యకండి. కరివేపాకు మీద బతికే ఇంకో చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లని చంపే సిట్రస్ గ్రీనింగ్ రోగాన్ని మోస్తుంది, అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్ల కరివేపాకు మొక్కల కదలిక మీద క్వారంటైన్ రూల్స్ ఉన్నాయి. అనుమతి ఉన్న లోకల్ నర్సరీలోనే కొనండి.

ఇంకోటి, మా ఏరియాలో ప్రతి ఇంటి ముందూ ఉండే క్రేప్ మర్టిల్ చెట్లకి కూడా పొలుసు పురుగే పెద్ద బెడద. 2004లో మా పక్కనే రిచర్డ్‌సన్ లో మొదటిసారి కనపడింది, ఇప్పుడు చాలా స్టేట్స్ కి పాకింది. మాను మీద తెల్ల పొక్కులు, నొక్కితే గులాబీ రంగు రసం, మాను మొత్తం నల్లటి మసి. ల్యాండ్‌స్కేప్ వాళ్ళు మొదట్లో లోపలికి పాకే మందు పోసి వెళ్ళిపోతారు, కానీ ఆ చెట్టు వేసవంతా పూస్తుంది, తేనెటీగలు వస్తాయి. మా వీధిలో కొందరం మెత్తటి బ్రష్, సబ్బు నీళ్ళతో మాను కడుగుతున్నాం, నల్లటి ఒంటి మీద రెండు ఎర్ర చుక్కలుండే అక్షింతల పురుగులు వాటంతట అవే వచ్చి తింటున్నాయి. వాటి పిల్లలు ముళ్ళముళ్ళుగా భయంకరంగా ఉంటాయి, తెలియని వాళ్ళు చీడ అనుకుని వాటినే చంపుతారు, దయచేసి అలా చెయ్యకండి.

ఏటికొప్పాక_పిల్ల:

ఇంత చర్చలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా, మా ఊరి లక్క బొమ్మలకి పూసే లక్క ఇచ్చేది కూడా పొలుసు పురుగుల బంధువే. మోదుగ, రేగు కొమ్మల మీద గుంపుగా కూర్చుని ఒంటి చుట్టూ లక్క కట్టుకుంటుంది. ఈ జాతిలో అన్నీ మనకి శత్రువులు కావు. అడవి చెట్టు మీద గట్టిగా ఎర్రటి పెంకు కట్టిన కొమ్మ కనపడితే మందు కొట్టకండి.

పెరటి_పచ్చదనం (తెనాలి):

అప్‌డేట్ అండి. కిక్కిరిసిన కొమ్మలు తీసేశాం, మా అత్తగారు దగ్గరుండి ఏది తియ్యాలో ఏది ఉంచాలో చూపించారు, తీసినవి గోనెసంచిలో కుక్కి తగలబెట్టాం. గ్రీజు పట్టీ వేశాం. బాపట్ల వారు చెప్పినట్టే బట్టల తీగ చెట్టుకే కట్టి ఉంది, విప్పి స్తంభానికి కట్టాం, ఆ రోజు నుంచే పైన చీమలు పలచబడ్డాయి. వేప నూనె స్ప్రే వారం వారం నడుస్తోంది. కొత్త చిగురు ఎర్రగా వస్తోంది, దాని మీద ఒక్కటి కూడా లేదు. కానీ పాత కొమ్మల మీద బుడిపెలు ఇంకా అలాగే అతుక్కుని ఉన్నాయండీ, మందు పని చెయ్యట్లేదా, డోసు పెంచాలా?

మిద్దెతోట_హనుమకొండ:

డోసు పెంచకక్కా, ఆకు మాడ్తది. చచ్చినయి గూడ నెలల కొద్ది కొమ్మకు అతుక్కొనే ఉంటయి. గోరుతోని నొక్కి చూడు. తడిగ రసం వస్తే బతికున్నది, ఎండిపోయి పొడి లెక్క రాలితే చచ్చింది. ఒకే కొమ్మ చూసి చెప్పకు, పైన కింద నడిమిట్ల నాలుగైదు చోట్ల నొక్కు.

బాపట్ల_బ్యాచ్:

అదే. ఇంకో గుర్తు, కొన్ని డిప్పల నడినెత్తిన సూదితో పొడిచినట్టు గుండ్రటి చిన్న రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే కందిరీగ లోపల పెరిగి బయటికి వచ్చిందన్నమాట, మీ చెట్టు మీద మీకు సాయం చేసేవాళ్ళు ఉన్నారు. అలాంటివి చాలా కనపడితే స్ప్రే గ్యాప్ పెంచి, టేపు మీద పిల్లలు కనపడినప్పుడే కొట్టండి.

చెట్టు కింద రాత్రి ఒక తెల్ల కాగితం పరిచి పొద్దున్నే వేలితో తడిమి చూస్తుండండి, బంక పడకపోతే పైన రసం తాగేది తగ్గినట్టే. కొత్త ఆకు కోసుకోవాలంటే చివరి వేప నూనె స్ప్రే తర్వాత ఒక వారం ఆగి, బాగా కడిగి వాడండి, లేదంటే చారు చేదెక్కుతుంది. గ్రీజు మీద దుమ్ము పేరుకుంటే చీమలు దాని మీదుగా నడిచేస్తాయి, మే నెల గాలిదుమారాల తర్వాత ఒకసారి పట్టీ మార్చండి, అప్పుడే కింద బెరడు చెమ్మగా ఉందేమో కూడా చూసుకోండి.